తలుపు రెండో రెక్క

మా మనవడు పోయిన నెల కర్నూల్లో ఇల్లు కొన్నాడు. పాలు పొంగించడానికి అందరం పోయి చూస్తే ఇంట్లో ఒక్క ఫ్యానూ లేదు. గీజరు లేదు. కిటికీలకు దోమతెరలు లేవు. వంటింట్లో గిన్నెలు కడిగే కుళాయి కూడా విప్పుకుపోయి, దాని చోట గుడ్డపీలిక కుక్కి పెట్టాడు ఆ మహానుభావుడు. కాలింగ్ బెల్లు ఉండాల్సిన చోట రెండు వైర్లు బయటికి తొంగి చూస్తున్నాయి. మనవడు ఫోను చెవికి పెట్టుకుని, ఇల్లమ్మినాయన మీద కేకలేస్తూ వసారాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. నేను కుర్చీలో కూచుని నవ్వాను. ఎంత ఆపుకున్నా ఆగలేదు. ముసలిదానికి మతి పోయిందనుకున్నట్టున్నారు, అందరూ నా వైపు తిరిగారు.

"ఏందవ్వా నవ్వుతాండావు? బల్బులు గూడా ఇప్పుకపోయినాడు వాడు" అన్నాడు మనవడు.

"మా అత్త గుర్తుకొచ్చిందిలేరా."

"ఆమె ఉంటే ఏం చేసిండేది?"

"చెయ్యి ఇరగ్గొట్టిండేది. నువ్వు ఇంతసేపు ఫోన్లో మాట్లాడతాండావు చూడు, ఈ పాటికి ఆయప్ప కట్టు కట్టిచ్చుకోను పోతా ఉండేవాడు."

వాడు పరాచికం అనుకున్నాడు. పరాచికం కాదు. ఇల్లమ్మి తలుపులు ఎత్తుకుపోయిన మనిషి చెయ్యి మా అత్త నిజంగానే విరగ్గొట్టింది. నేను పక్కనే ఉన్నాను.

ఆమెను నేను మొదటిసారి చూసింది నా పెళ్లిచూపుల్లో. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు అది. మాది ఆళ్లగడ్డకు దగ్గర పల్లె. ఆళ్లగడ్డ నుంచి బండి కట్టుకుని వచ్చిన ఆడవాళ్లంతా లోపలికొచ్చి చాప మీద కూచున్నారు. ఆమె మాత్రం తలవాకిట్లోనే ఆగిపోయింది. మా ఇంటి తలుపు రెక్కను రెండు చేతుల్తో పట్టుకుని కొంచెం పైకెత్తి బరువు చూసింది. వేలి కణుపుతో అక్కడా ఇక్కడా కొట్టి, చెవి ఆనించి విన్నది.

"ఇది యాడి కొయ్యప్పా?" అని మా నాయన్ను అడిగింది.

నల్లమల టేకు, మా తాత కోయించాడు అని చెప్పాడు మా నాయన. "బాగుంది" అంది. ఆ తరువాతే నా వైపు చూసింది, అది కూడా తలుపును చూసినంత సేపు చూడలేదు. పిల్లను చూడ్డానికొచ్చిందో తలుపు బేరానికొచ్చిందో తెలియలేదని మా అమ్మ పెళ్లి దాకా సణుగుతూనే ఉంది.

మనిషి పొడగరి, ఒట్టి ఎముకల గూడు. ఎడమ చెవికి కెంపుల కమ్మ ఉండేది. కుడి చెవి తమ్మె నిలువునా చీలి రెండు ముక్కలుగా వేలాడేది. ఆ ఒంటి కమ్మతోనే పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ పోయేది. రొంటిన ఎప్పుడూ ఇనుప అడకత్తెర దోపుకుని ఉండేది. దాంతో వక్కలు కత్తిరించేది తక్కువ, మనుషుల్ని అదిలించేది ఎక్కువ. మాట్లాడుతున్నంత సేపూ దాన్ని తెరుస్తూ మూస్తూ టకటకమనిపించేది. ఆ చప్పుడు ఆగిందంటే దెబ్బ పడబోతోందని మా ఇంట్లో పిల్లాజెల్లా అందరికీ తెలుసు.

ఆమె దేవత అని చెప్పడానికి నేనిది రాయడం లేదు. కొట్టేది. నన్ను సంగటి కెలికే తెడ్డుతో కొట్టింది. ఎద్దుకు నీళ్లు పెట్టలేదని జీతగాణ్ణి చెప్పు తీసుకుని కొట్టింది. పెళ్లయిన కొడుకును, అంటే మా ఆయన్ను, నా ఎదుటే చెంప పగిలేట్టు కొట్టింది. ఆయన చెంప తడుముకుంటూ పెరట్లోకి పోయాడు, అంతే. కొత్తల్లో ఈ ముసల్ది ఎప్పుడు చస్తుందా అని నేను అహోబిలం నరసింహస్వామికి మొక్కుకున్నాను కూడా. ఆ స్వామి ఆమె తరఫు మనిషని నాకప్పుడు తెలియదు.

ఆమెకు ఆయన తప్ప వేరే దేవుడు లేడు. ఏటా అహోబిలం పోయేవాళ్లం. అక్కడ కూడా దండం పెట్టకముందు గుడి తలుపులు తడిమి చూసేది. అర్చకస్వామి విసుక్కునేవాడు. ఆమె పట్టించుకునేది కాదు.

"స్వామి యాడ కూచున్నాడో చూసినావా మే?" అనేది నన్ను. "లోపలా కాదు, బయటా కాదు. గడప మీద. రక్కసోని పేగులు తీసింది ఆడనే. ఇల్లు నిలిచేదీ కూలేదీ ఆడనే."

ఎవర్నీ ఇంట్లోకి రమ్మని పిలిచేది కాదు, "గడప దాటు" అనేది. తను మాత్రం తలవాకిలి లోపల, గడపను ఆనుకుని ఈతచాప పరుచుకుని పడుకునేది. వానొచ్చి జల్లు కొట్టినా అక్కడి నుంచి కదిలేది కాదు. లోపల పట్టెమంచం ఉంది కదత్తా అని కొత్తలో ఒకసారి అన్నాను. నా నెత్తిన అడకత్తెరతో ఒక్కటి వేసింది.

ఆ చెవి సంగతి ఒకరోజు జొన్నలు విసురుతూ చెప్పింది. మా మామ జ్వరమొచ్చి చనిపోయేనాటికి మా ఆయన ఇంకా చనుబాలు తాగుతున్నాడు. కర్మలు కాగానే ఆమె మరిది, మా చిన్నమామ, ఆస్తి పంచమన్నాడు. పెద్దమనుషులు కూచుని ఇంట్లో వాకిలి వైపు రెండు గదులు ఆమెకని, పెరట్లో పేర్చి ఉన్న కొయ్యంతా మరిదికని తేల్చారు. మా వైపు ఇల్లు పంచుకునేటప్పుడు గోడలు ఒక లెక్క, కొయ్య ఒక లెక్క. నల్లమల టేకు ఉన్న ఇంట్లో కొయ్యకే కొట్లాట ఎక్కువ. మరుసటి రోజు పొద్దున్నే చిన్నమామ మనుషుల్ని వెంటేసుకొచ్చి ఆమె గదుల తలుపులు ఎత్తడం మొదలుపెట్టాడు.

ఆ కాలపు తలుపులకు ఇప్పటిలా ఇనుప బందులు ఉండవు. రెక్కకు పైనా కిందా చెక్క మొనలుంటాయి. అవి ద్వారబంధంలోని గుంటల్లో తిరుగుతుంటాయి. రెక్కను పైకెత్తి కాస్త వాలిస్తే ఊడి చేతికొస్తుంది.

"ద్వారబంధం గోడది, అది నీకే ఇడిసిపెట్టినా. తలుపు ఎత్తితే వస్తాంది గదా. వచ్చిందంటే కొయ్యే. కొయ్యంతా నాది" అన్నాడట చిన్నమామ.

ఆమె రెక్కను కావలించుకుంది. అతను కమ్మ పట్టి ఆమెను పక్కకు లాగాడు. కమ్మ అతని చేతికొచ్చింది. పెద్దమనుషులు వచ్చి, గడప మీది నెత్తుటినీ ఖాళీ వాకిలినీ చూసి, కొయ్య అన్నాం గానీ తలుపు కాదని అనలేదు కదమ్మా అని చెప్పి వెళ్లిపోయారట.

"ఆ వానకాలమంతా బిడ్డను లోపలేసి నేను గడపకడ్డంగా పండుకున్నా మే. ఎనుములొచ్చి మొకం నాకేవి. ఒకతూరి మనిషొచ్చినాడు. కొడవల్తో కొట్టినా. ఎవడో చూడ్లా."

విసురురాయి ఆపకుండానే చెప్పింది. ఆ రోజు నుంచి నేను ఆమె చావు కోసం మొక్కుకోవడం మానేశాను.

తరువాత ఎలాగో వేరే తలుపులు పెట్టించుకుంది. కానీ చిన్నమామ చూపు తలుపులతో ఆగలేదు, చెరువు కింద ఆమె భాగానికొచ్చిన మడి మీద పడింది. అది తనదేనని దున్నుకోవడం మొదలుపెట్టాడు. నా పెళ్లయిన మరుసటేడు మా ఆయన పేరున నంద్యాల కోర్టులో దావా వేయించింది అత్త. "కోర్టు మెట్లెక్కేదానికి కొడుకు బతికుండాల గదా" అని చిన్నమామ నలుగురిలో అన్నాడు. అతను ఉత్తమాట అనే మనిషి కాదు. దావా తేలేదాకా ఆళ్లగడ్డలో ఉండకూడదని, కొడుకును నంద్యాలలో మంచి తలుపున్న ఇంట్లో పెట్టాలని ఆమె నిశ్చయించుకుంది.

అలా కొన్నది పత్తిమిల్లుల వెనక వీధిలో ఒక మట్టి మిద్దె. అమ్మినాయన పత్తి వ్యాపారి, పొట్టి మనిషి, నవ్వు మొహం. మా అత్త మిద్దె కారుతుందా అని అడగలేదు. బావిలో నీళ్లు చూడలేదు. తలవాకిలి దగ్గరే నిలబడిపోయింది. నాలుగు వేళ్ల మందం టేకు తలుపు, రెండు రెక్కలు, వాటి నిండా ఇత్తడి బొడిపెలు. ఎత్తి చూసింది, కొట్టి విన్నది. "ఇది సాలు" అంది.

దస్తావేజు రాసే రోజు లేఖరి గడగడా చదివాడు. నిధి, నిక్షేపం, జలం, తరువు, పాషాణం అంటూ అష్టభోగాలూ ఏకరువు పెట్టాడు.

"తలుపులు యాడుండాయప్పా దీంట్లో?" అంది అత్త.

లేఖరి నవ్వాడు. వ్యాపారి నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు. "ఇల్లంటే తలుపు లేకుండా ఉంటాదా అమ్మా" అన్నాడు లేఖరి. ఆమె ఇంకో మాట మాట్లాడలేదు. తన మాట నెగ్గించుకోకుండా ఆమె ఊరుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. "పల్లెటూరి మొద్దనుకుంటారని నోరు మూసుకున్నా మే. నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాల" అని ఆ తరువాత చాలాసార్లు అంది.

సామాన్లు బండికెత్తుకుని నంద్యాల చేరేసరికి ఆ ఇంటికి తలుపుల్లేవు. తలవాకిలివే కాదు, లోపలి గదులవీ లేవు. ఉయ్యాల గొలుసులు లేవు, ఉట్టి వేలాడే కొక్కెం లేదు, బావి గిలక లేదు. కర్నూలు రాజధాని అయి, ఆఫీసులకూ ఉద్యోగుల ఇళ్లకూ కొయ్య చాలక, టేకు ధర చుక్కలంటుతున్న రోజులవి. మా అత్త బండి దిగి ఖాళీ ద్వారబంధం ముందు నిలబడింది. అడకత్తెర టకటకలు ఆగిపోయాయి. ఎదుట కొట్టడానికి మనిషి లేడు. చెయ్యి చాపి ద్వారబంధంలోని గుంటను వేలితో తడిమింది. ఆ మొహం చూసి, ఏడుస్తుందేమోనని మొదటిసారి భయపడ్డాను. ఏడవలేదు. చాప పరుచుకుని గడప పక్కన కూచుంది.

మరుసటి రోజు పొద్దున వ్యాపారి మనిషి గడ్డపార పట్టుకొచ్చాడు. తలవాకిలి లోపల బండల మధ్య నాటిన రోలుంది, దాన్ని పెకలించి తెమ్మన్నాడట ఆయన. మా అత్త రోకలి తీసుకుని వాడి మోకాలి కింద కొట్టింది. వాడు గడ్డపార అక్కడే పడేసి కుంటుకుంటూ పోయాడు. కాసేపటికి వ్యాపారే వచ్చాడు, అతని వెనకాలే వీధి జనం.

"రోలు మా అవ్వ నాటిందమ్మా. మా ఇంటి రోలు" అన్నాడు.

"ఇల్లు ఇప్పుడు నాది. తలుపులేమైనాయప్పా?"

"అమ్మేసినా. కర్నూలుకు పోయినాయి. ద్వారబంధం గోడది, అది మీకే ఇడిసిపెట్టినా గదమ్మా. తలుపు ఎత్తితే ఊడొస్తాంది. ఎత్తితే వచ్చేది ఇంటిదెట్లయితాది?"

అచ్చంగా చిన్నమామ మాటలు. పాపం, ఈ మాట ఇదివరకు ఎవరు అన్నారో, దాని వెల ఎంతయిందో ఆయనకు తెలియదు.

"ఎత్తితే వచ్చేదంతా ఎత్తినోళ్లదేనా అప్పా?" అని మెల్లిగా అడిగింది అత్త.

"అంతే గదమ్మా న్యాయం."

ఆమె వంగి ఆయన నడుం పట్టి పైకెత్తింది. ఆయన కాళ్లు గాలిలో కొట్టుకున్నాయి. వీధి దాటించి మురుగుకాలువలో పడేసింది. "నువ్వూ వచ్చినావే ఎత్తితే" అంది. జనం విరగబడి నవ్వారు. పంచె పిండుకుంటూ లేచి, కోర్టులో చూసుకుంటానని ఆయన వెళ్లిపోయాడు.

నవ్వులైతే వచ్చాయి గానీ తలుపులు రాలేదు. వాయిదా దగ్గర పడింది. చిన్నమామ మనుషులు వీధి చివర టీ అంగట్లో కూచుని మా ఇంటి వైపే చూస్తున్నారు. అత్త మా ఆయన్ను గది దాటి రానివ్వలేదు. తను రోలుకు కాళ్లు తన్ని, గడప దగ్గర గొడ్డలి పక్కన పెట్టుకుని కూచుంది. తిండి కూడా అక్కడికే తెచ్చివ్వాల్సి వచ్చేది. అప్పుడు పాలు పోసే ఆమె చెప్పింది, ఇత్తడి బొడిపెల తలుపు కర్నూలుకు పోలేదని, రైలుకట్ట అవతల ఆ వ్యాపారి కూతురింటికి పెట్టి ఉందని.

అత్త బండి కట్టించింది. గొడ్డలి బండిలో వేసింది. మిల్లులో పని చేసే ఇరుగింటివాళ్లను పిలిచి కొడుకును వాళ్ల నడుమ కూచోబెట్టింది.

"రెక్క బరువు. ఇంగో మనిషి కావాల. నువ్వు రా మే" అంది నన్ను.

అది కొత్త ఇల్లు, సగమే కట్టారు. గోడలకు పూత కూడా లేదు. మా తలుపు ఆ వాకిట్లో మెరుస్తోంది. వ్యాపారి గడప మీదే ఉన్నాడు. మమ్మల్ని చూసి రెండు చేతులూ అడ్డం చాపాడు.

"ఇది నా అల్లుని ఇల్లు. కోర్టుకు పో, ఈడ కాదు" అన్నాడు.

ఆమె గొడ్డలి తిరగేసి మొద్దు వైపుతో ఆయన ముంజేతి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. ఆయన అరవలేదు, నోరు తెరుచుకుని గోడకు జారిగిలబడ్డాడు. అల్లుడు జనాన్ని పిలుచుకు రావడానికి వీధిలోకి పరిగెత్తాడు. ఇద్దరం కలిసి మొదటి రెక్క ఎత్తి బండిలో వేశాం. బరువంతా ఆమే మోసింది, నేను పట్టుకున్నట్టు నటించానంతే. తిరిగొచ్చి రెండో రెక్క పట్టుకుంది. కింది మొన గుంటలోంచి అప్పుడే లేచింది.

లోపలి నుంచి ఒక పిల్ల వచ్చింది. తలకు గుడ్డ చుట్టుకుని ఉంది, ఒళ్లంతా సాంబ్రాణి వాసన, చేతుల్లో పొత్తిగుడ్డల్లో బిడ్డ. నా ఈడుదే. తండ్రి చేతిని చూసింది, బండిలోని రెక్కను చూసింది, మా అత్తను చూసింది.

"మొన్న కుక్క లోపలికొచ్చింది. బిడ్డ గుడ్డలు పట్టి లాగింది. అందుకే మా నాయన తెచ్చి పెట్టినాడు" అంది. "మీవైతే తీసుకపోండమ్మా. రొంతసేపు ఆగండి, మంచం లోపలి మూలకు జరుపుకుంటా."

మా అత్త రెక్కను ఎత్తి పట్టుకుని అలాగే నిలబడింది. ఒక చెయ్యి తీసి చీలిన చెవిని తడుముకుంది. తరువాత రెక్కను వంచి, మొనను మళ్లీ గుంటలో దించింది.

"రెండో పక్క బండ అడ్డం పెట్టుకో. దీనికి లోపల్నుంచి గడియేసుకో" అంది ఆ పిల్లతో. గోడకు ఆనుకున్న వ్యాపారి వైపు తిరిగి, "బేగా పోయి కట్టు కట్టిచ్చుకోప్పా, చెయ్యి వంకర పోతాది" అంది. బండి వైపు నడిచింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత చేసి, మనిషి చెయ్యి విరగ్గొట్టి, సగం తలుపు తీసుకుపోవడమేమిటి?

"రెండో రెక్కో?" అన్నాను.

"ఆడ పసిబిడ్డుండాది."

"మరి మనకు?"

"మనకు నేనుండా. బండెక్కు" అంది.

ఆ వారమే వడ్రంగి వేపపలకలు కొట్టి రెండో రెక్క చేసిచ్చాడు. ఒక వైపు ఇత్తడి బొడిపెల టేకు, ఇంకో వైపు పెచ్చులూడే వేపపలకలు. వీధిలో మా ఇంటికి కుంటితలుపు ఇల్లని పేరు పడింది. వ్యాపారి పోలీసుల దగ్గరికి పోతాడని ఎదురుచూశాం, పోలేదు. మా అత్త మాత్రం మిద్దె నడుమ వెలుతురు కోసం వదిలిన గవాచి కింద ఒక నిచ్చెన వేయించి, దాన్ని అక్కడి నుంచి తీయకూడదని ఒట్టు పెట్టింది.

దావా ఏళ్లు సాగింది. వాయిదాకు కొడుకు ముందు, గొడ్డలి చుట్టిన చాప చంకలో పెట్టుకుని ఆమె వెనక. కోర్టు బయట చింతచెట్టు కింద కూచుని వచ్చేపోయేవాళ్ల చేతుల వైపు చూసేది. నాకు కొడుకు పుట్టాడు. వాడికి నీళ్లు పోయడం, సాంబ్రాణి వేయడం అన్నీ ఆమే. వీపు వేపరెక్కకు ఆనించి, కాళ్లు చాపి, వాణ్ణి ఆ కాళ్ల మీద పడుకోబెట్టుకునేది. కాళ్లు పొడుగు, పాదాలు సరిగ్గా రోలుకు ఆనేవి. "ఈ రోలు గూడా ఎత్తకపోదామని వచ్చినాడు మే వాడు" అని నవ్వేది. ఆమె నవ్వడం అంటే అంతే. మనవడు పుట్టాక మెత్తబడిందని చెప్పను. వాడు ఏడుస్తుంటే అన్నం తింటూ కూచున్నానని అదే నెలలో నన్ను గరిటెతో కొట్టింది.

తీర్పు మా వైపు వచ్చింది. ఊళ్లో తెలిసినవాళ్లకు బెల్లం పంచాం. ఆమె పంచలేదు. "ఇప్పుడేరా జాగర్తగ ఉండాల్సింది" అని కొడుకుతో అంది. ఆ మాటన్న కొన్నాళ్లకు, తెల్లారుతుండగా ఎవరో తలుపు తట్టి టెలిగ్రాం అన్నారు.

అత్త అప్పటికే లేచి కూచుని ఉంది. నేను గడియ తీయబోతే కొంగు పట్టి వెనక్కి లాగింది. నోటి మీద వేలు పెట్టుకుంది. బయట ఒకరి కన్నా ఎక్కువ మంది కాళ్ల చప్పుడు వినిపించింది. మరుక్షణం టేకు రెక్క మీద గొడ్డలి పడింది. ఇల్లంతా అదిరింది. రెక్క చెక్కు చెదరలేదు.

"వాణ్ణి నిచ్చెన ఎక్కించు మే" అంది.

మా ఆయన నిద్ర మొహంతో కర్ర పట్టుకొచ్చాడు, నేనూ ఉంటానన్నాడు. ఆమె చెంప మీద ఒక్కటి కొట్టింది. "నువ్వు సస్తే నేను ఇన్నేండ్లు ఈడ కూచున్నది ఎందుకురా?" అంది. ఆయన నిచ్చెన ఎక్కాడు. మిద్దె మీద నుంచి మిద్దె మీదికి దూకుతూ, మిల్లు వైపు కేకలేసుకుంటూ పోవడం వినిపించింది. నేను బిడ్డను కరుచుకుని ధాన్యపు గాదె వెనక నక్కాను. అక్కడి నుంచి తలవాకిలి నేరుగా కనిపిస్తుంది.

వాళ్లకు రెండో రెక్క సంగతి తెలిసిపోయింది. వేపపలక మొదటి దెబ్బకే చీలింది. ఆ చీలికలోంచి ఒక చెయ్యి లోపలికొచ్చి గడియ కోసం తడిమింది. అత్త అడకత్తెర తీసి ఆ వేళ్ల మీద మూసింది. బయట వాడు పెట్టిన కేక మనిషి కేకలా లేదు. చెయ్యి నెత్తురోడుతూ వెనక్కి పోయింది. మళ్లీ గొడ్డలి లేచింది. అప్పుడామె గభాలున కింద కూచుని, వీపు వేపరెక్కకు ఆనించి, పాదాలు రోలుకు తన్నిపెట్టింది. రోజూ బిడ్డకు నీళ్లు పోసే తీరులోనే.

పలక విరిగిన చప్పుడు విన్నాను. దాని వెంట ఇంకో చప్పుడు కూడా విన్నాను. అది పలకది కాదు. నేను లేవబోయాను. ఆమె నా వైపు చూసి వద్దని తల ఊపింది. కొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకుంది. గొడ్డలి ఇంకా పడుతూనే ఉంది. ఆ కాళ్లు వంగలేదు. నేను చూస్తూనే ఉన్నాను, ఎంతసేపు చూశానో తెలియదు. తరువాత వీధి చివర నుంచి మిల్లు జనం అరుపులూ రాళ్లూ వినిపించాయి. వాళ్లు పారిపోయారు.

జనం బయటి నుంచి నెట్టినా తలుపు తెరుచుకోలేదు. నేను పోయి ఆమె పాదాలు రోలు మీద నుంచి తీయాల్సి వచ్చింది. ఒక చేత్తో తీయడం నా వల్ల కాలేదు, బిడ్డను పక్కన పెట్టి రెండు చేతుల్తో లాగాను. నోట్లోంచి కొంగు తీశాను.

"పైకి పోయినాడా?" అంది.

"పోయినాడత్తా. బాగుండాడు."

"తలుపు?"

"నిలబడింది."

కళ్లు మూసుకుంది. ఆసుపత్రి చేరకముందే బండిలోనే పోయింది. ఆమె తల నా ఒళ్లో ఉంది. బతికున్నన్నాళ్లూ ఆమె నన్ను ఒక్కసారి కూడా మంచిమాటతో పిలవలేదు. ఆ రోజు నేను ఏడ్చినట్టు మా అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు.

గొడ్డళ్లతో వచ్చిన వాళ్లలో కొందరికి తరువాత శిక్ష పడింది. చిన్నమామకు పడలేదు. అత్త పోయిన పదకొండో రోజు మా వాకిట్లో ఒక బండి ఆగింది. పత్తి వ్యాపారి దిగాడు. కుడి చెయ్యి వంకరగానే అతుక్కుని ఉంది. బండిలో ఇత్తడి బొడిపెల రెండో రెక్క ఉంది.

"ఆ పొద్దు నన్ను పోలీసుల దగ్గరికి పోనీలేదు నా కూతురు. ఇది గూడా ఆమే పంపిచ్చింది. ముందే ఇచ్చింటే..." అన్నాడు.

ముందే ఇచ్చి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. ఆ రెక్కను నా చేతుల్తో గుంటలో దించాలని మనసు కొట్టుకుంది. చేతులు రాలేదు. "ఆడ పసిబిడ్డుండాది అని మా అత్త చెప్పింది. తీసుకపోప్పా" అన్నాను. ఆయన బండి తిప్పుకున్నాడు.

ఆ ఇంట్లో మేము ఎక్కువ కాలం ఉండలేదు. పంతొమ్మిది వందల అరవైలో ఒక బడిపంతులుకు అమ్మేసి కర్నూలు చేరాం. దస్తావేజులో ఈసారి తలుపులు, గడియలు, రోలు, బావి గిలక అన్నీ పేరుపేరునా రాయించాడు మా ఆయన. పంతులు మంచివాడు. పెళ్లాం బిడ్డలతో సామాన్లు దించుకుంటున్న రోజే నేను తలవాకిలి దగ్గరికి పోయి వేపరెక్కను పైకెత్తాను. తేలిగ్గా వచ్చేసింది. లోపలి వైపు, గొడ్డలి దిగిన చోట్ల చుట్టూ పలక నల్లగా మారి ఉంది. ఎంత కడిగినా ఆ నలుపు పోలేదు.

"అదేందమ్మా, తలుపులు గూడా రాసుకున్నాం గదా" అన్నాడు పంతులు.

"టేకుది మీదే. రోలూ మీదే. ద్వారబంధం గోడది. ఇది ఎత్తితే వచ్చింది, ఇది నాది" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాలుక కరుచుకున్నాను. కానీ రెక్కను మాత్రం వదల్లేదు. పంతులు దాని నలుపును, చీలికలను చూశాడు. వీధిలో ఎవరైనా చెప్పారో ఏమో, దస్తావేజు మాట మళ్లీ ఎత్తలేదు.

"సరేలేమ్మా, తీసుకపోండి" అన్నాడు. అంతలో ఇంట్లోకి పరిగెత్తుతున్న చిన్నపిల్ల వైపు చూసి, "పిల్లోళ్లుండారు. వడ్రంగి వచ్చేదాకా ఆ పక్క ఏం అడ్డం పెట్టుకోమంటారు?" అని అడిగాడు.

మా అత్తయితే దానికి ఏం చెప్పేదో నాకు తెలుసు. అది చెప్పగలిగిన మనిషిని నేను కాను. తల వంచుకుని, రెక్కను బండికెత్తుకుని వచ్చేశాను.